పేరు? యా.

ఈరోజు పొద్దున్నే రక్త పరీక్షకు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండానే "పేరు చెప్పండి మేడమ్" అంది.

"యా."

"ఆ, చెప్పండి."

"యా అండీ. అదే పేరు."

కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతున్నానేమోనని నా చెవుల వైపు చూసింది.

మా నాన్నది ఘనాలోని కుమాసీ. అక్కడి అకాన్ వాళ్లలో పుట్టిన వారమే పేరైపోతుంది. శుక్రవారం మగపిల్లాడు పుడితే కోఫీ, మీరు జీకేలో బట్టీ పట్టిన కోఫీ అన్నన్ అలాంటి కోఫీయే. గురువారం ఆడపిల్లయితే యా. 1900లో అకాన్‌లలోనే ఒక తెగ అయిన అషాంటీల బంగారు పీఠం తమకిమ్మన్న బ్రిటిష్ వాళ్ల మీద యుద్ధం నడిపిన యా అసంతెవా పేరులోనూ అదే గురువారం.

ఇదంతా పరగడుపున, వెనక పదిమంది నిలబడి ఉండగా చెప్పాలి. గురువారం దాకా వచ్చి ఊరుకున్నాను. "అంటే సాయిబాబా వారమా మేడమ్?" అంది ముచ్చటగా. అవునన్నాను, ఆకలేస్తోంది మరి.

మా అమ్మమ్మకు మాత్రం ఏ వివరణా అక్కర్లేకపోయింది. "యా ఏంది, సగం పేరు" అని ఉయ్యాలలోనే నన్ను యాదమ్మను చేసేసింది. నాన్న కూడా ఇంట్లో అలాగే పిలుస్తాడు, కాకపోతే ఆయన నోట్లో "ద" కొంచెం గట్టిగా పలుకుతుంది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. షుగర్ నార్మల్. పేరు దగ్గర వై.ఏ.ఏ. అని చుక్కలు పెట్టి మూడు ఇనిషియల్స్, ఆ పక్కన ఖాళీ.