చైనా వాళ్ళు పెద్దల్ని బాగా చూసుకుంటారా?

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే మాట ఒకటుంది. తెల్లవాళ్ళు తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళి ఓల్డేజ్ హోముల్లో వదిలేస్తారు, చైనా వాళ్ళు మనలాగే పెద్దల్ని నెత్తిన పెట్టుకుంటారు అని. స్టుట్‌గార్ట్ దగ్గర కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, అదే కంపెనీ పంపిస్తే చైనాలో తైచాంగ్‌కి వచ్చినవాణ్ని నేను. రెండు దేశాల వాళ్ళతోనూ కలిసి పనిచేశాక ఆ మాట వింటే ఊరుకోలేకపోతున్నాను.

తైచాంగ్ అంటే షాంఘై పక్కనే, సూజౌ పరిధిలో ఉండే ఊరు. 1993లో మొదటి జర్మన్ కంపెనీ వచ్చింది, ఇప్పుడు 500 దాటాయి. జర్మన్ బేకరీలున్నాయి, బీరు పండగ కూడా చేస్తారు. కాబట్టి చైనా పద్ధతి, పడమటి పద్ధతి రెండూ ఇక్కడ ఒకే క్యాంటీన్‌లో కనిపిస్తాయి. మర్యాదలంటే ఆసియా వాళ్ళకే తెలుసనుకుంటాం గానీ జర్మన్లకూ వాళ్ళ పట్టింపులు వాళ్ళకున్నాయి. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాడి కళ్ళలోకి చూడకపోతే తప్పు పడతారు. చైనా వాళ్ళు కళ్ళు చూడరు, గ్లాసు చూస్తారు. పెద్దవాళ్ళ గ్లాసు అంచుకంటే మన గ్లాసు అంచు కిందుండాలి. ఇద్దరూ ఒకర్నొకరు గౌరవించుకుంటూ గ్లాసుల్ని దించుకుంటూ పోయి టేబుల్ దాకా తెచ్చేస్తారు ఒక్కోసారి.

మా ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకాయనున్నాడు, అన్‌హుయ్ ప్రావిన్స్‌లో ఫుయాంగ్ దగ్గర పల్లెటూరు ఆయనది. అందరం షిఫు అని పిలుస్తాం, పనిలో ఆరితేరినవాణ్ని గౌరవంగా పిలిచే మాట అది. ఇక్కడ పదకొండున్నరకల్లా భోజనాలైపోతాయి, పన్నెండు దాటగానే ఆఫీసులో లైట్లు ఆర్పేసి, బల్లల కింద నుంచి మడత మంచాలు లాక్కుని, మేనేజర్లతో సహా అందరూ ఒంటిగంట దాకా నిద్రపోతారు, జర్మనీ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి బిత్తరపోతారు. షిఫు మాత్రం పడుకోడు. మెట్ల దగ్గర నిలబడి వీచాట్‌లో, అంటే ఇక్కడి వాట్సాప్‌లో, ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. నేను వచ్చిన కొత్తల్లో ఆయన కొడుకు ఇంకా ప్రైమరీలో ఉన్నాడు, నానమ్మ దగ్గరే పెరుగుతున్నాడు. ఆవిడ ఫోన్ పట్టుకుంటే నుదురూ, సీలింగ్ ఫ్యానూ తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. పిల్లాడు లెక్కల నోట్‌బుక్కు కెమెరాకి ఆనించి పెట్టేవాడు, అక్షరాలు అలుక్కుపోయేవి. "వెనక్కి పెట్టు, ఇంకొంచెం వెనక్కి" అంటూ ఈయన ఒక్కో లెక్కా చూసి తప్పు చెప్పేవాడు. భార్యాభర్తలిద్దరూ తైచాంగ్‌లోనే, వేరే వేరే ఫ్యాక్టరీల్లో.

ఇక సెలవులు చూడండి. జర్మనీలో వారానికి ఐదు రోజులు పనిచేసేవాడికి చట్టం ప్రకారమే ఏడాదికి 20 రోజుల సెలవుండాలి, చాలా కంపెనీలు 30 దాకా ఇస్తాయి. అక్కడ మా టీమ్ లీడర్ తల్లి కేర్ హోమ్‌లో ఉండేది, అవును, మన గ్రూపుల్లో తిట్టే ఆ హోమ్‌లోనే. కానీ ఆయన ప్రతి ఆదివారం వెళ్ళి ఆవిడతో కాఫీ, కేక్ తీసుకుని వచ్చేవాడు. హోమ్ ఖర్చులో కొంత ప్రతి జీతంలోంచీ కట్ అయ్యే కేర్ ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది, 1995 నుంచి ఆ ఏర్పాటుంది. చైనాలో చట్టం ఇచ్చేది ఏడాది సర్వీసు దాటితే 5 రోజులు, పదేళ్ళు దాటితే 10, ఇరవై ఏళ్ళు దాటితే 15. పండగ సెలవులకి బదులు ఆదివారాలు పనిచేయించడం అదనం. రోజూ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించడం చట్టవిరుద్ధమని 2021లో సుప్రీం పీపుల్స్ కోర్టు చెప్పింది గానీ, ఫ్యాక్టరీ లైన్ మీద పనిచేసేవాడి బాధ వేరు, ఓవర్‌టైం లేకపోతే ఇంటికి పంపడానికి డబ్బు చాలదు. అందుకని షిఫు లాంటివాళ్ళు అమ్మనీ పిల్లాణ్నీ చూసేది చైనా కొత్త సంవత్సరానికి ఒకసారి, వీలైతే అక్టోబరు సెలవుల్లో ఇంకోసారి.

2025 కొత్త సంవత్సరానికి ఆయన నన్ను కూడా ఊరికి తీసుకెళ్ళాడు. ఆ ఏడు పండగ సెలవు ఎనిమిది రోజులొచ్చింది. పండగ రద్దీని ఇక్కడ 40 రోజుల సీజన్‌గా లెక్కేస్తారు, టికెట్లు 15 రోజుల ముందు ఓపెన్ అవుతాయి, అవి దొరికేదాకా ఆయనకి టెన్షనే. చేరగానే ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం, విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు నమోదు చేయించాలి. ఇంట్లో హీటింగ్ లేదు, లోపల కూడా ఎవరూ కోట్లు విప్పరు. పండగ ముందురోజు మధ్యాహ్నం జానెడు కూడా పెరగని గోధుమ చేలో ఉన్న తాత సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, కాగితపు డబ్బు కట్టలు కాల్చారు. మేం పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకున్నట్టే అనిపించింది, ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. రాత్రి భోజనానికి నానమ్మని గుమ్మానికి ఎదురుగా ఉండే పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ లేచి గ్లాసు దించి ఆవిడ గ్లాసుకి తాకించారు. ఆ గౌరవం నటన కాదు, షిఫు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కానీ ఆ కుర్చీలో ఆవిడ కూర్చున్నది ఆ ఒక్క పూటే. మిగతా ఏడాదంతా తెల్లారకముందే లేచి వండి, పిల్లాణ్ని బడికి పంపి, కోళ్ళనీ కూరగాయల మడినీ చూసుకునేది ఆవిడే. ఇందులో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నట్టు? పల్లెల్లో ముసలివాళ్ళకొచ్చే పింఛనుకి కేంద్రం నిర్ణయించిన కనీస మొత్తం 2025లో నెలకి 143 యువాన్లు అయింది, రెండు వేల రూపాయల లోపే. అది చాలదు కాబట్టి కొడుకు పంపాలి, కొడుకు పంపాలంటే పట్నంలో ఉండాలి, ఆయన పట్నంలో ఉండాలంటే ఆవిడ పిల్లాణ్ని పెంచాలి. పిల్లలు తరచూ వచ్చి తల్లిదండ్రుల్ని పలకరించాలని 2013 నుంచి చట్టంలోనే ఉంది, సెలవు ఎక్కణ్ణుంచి వస్తుంది మరి. 2020 జనాభా లెక్కల్లో సొంత ఊరు వదిలి వేరేచోట ఉంటున్నవాళ్ళు 37 కోట్ల పైనే తేలారు. ఈ ఫ్యాక్టరీలు ఎంత మంది నానమ్మల చేతుల మీద నడుస్తున్నాయో ఎవరూ లెక్క కట్టరు.

నాకిది కొత్త కాదు. మాది జగిత్యాల వైపు, నాన్న దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ నన్ను పెంచింది నాయనమ్మే. ఆయన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి పంపితే ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. ఆ వయసులో మళ్ళీ పిల్లల్ని పెంచడం ఆవిడకి ఇష్టమా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు కాన్పులకీ మనవళ్ళకీ అమెరికా వెళ్ళి ఆరేసి నెలలు అపార్ట్‌మెంట్లో కూర్చుంటున్న మన అమ్మల్నీ ఎవరూ అడగట్లేదు. అందుకే జర్మన్లకి ప్రేమ లేదని అంటే నాకు కోపమొస్తుంది. ఆ టీమ్ లీడర్ తల్లికి డెబ్బై ఏళ్ళు దాటాక ఎవరి పిల్లల్నీ పెంచాల్సిన పని పడలేదు.

షిఫు కొడుకు ఇప్పుడు హైస్కూల్లో చేరాడు. హుకౌ, అంటే ఊరి రిజిస్ట్రేషన్, అన్‌హుయ్‌లో ఉంది, కాలేజీ ప్రవేశ పరీక్ష మామూలుగా హుకౌ ఉన్నచోటే రాయాలి, తైచాంగ్‌కి తెచ్చుకుని చదివించి ఇక్కడే రాయించాలంటే షరతులున్నాయి. లుఆన్ దగ్గర మావ్‌థాన్‌చాంగ్ అని కోచింగ్‌కి పేరుపడ్డ ఊరుంది, పిల్లలకి వండిపెట్టడానికి తల్లులు గదులు అద్దెకి తీసుకుని అక్కడే ఉంటారు. షిఫు భార్య ఉద్యోగం మానేసి అక్కడికి వెళ్ళింది. ఇప్పుడు ఒక్క జీతం, మూడు ఇళ్ళు. ఊళ్ళో నానమ్మ ఒంటరిగా ఉంది, మోకాళ్ళు పట్టేశాయి. ఈమధ్య షిఫు నన్ను జర్మనీలో ఆ కేర్ ఇన్సూరెన్స్ ఎలా నడుస్తుందని వివరంగా అడిగాడు. చైనాలోనూ 2016లో పదిహేను నగరాల్లో అలాంటిది ప్రయోగంగా మొదలుపెట్టారు, సూజౌ అందులో ఉంది, అన్‌హుయ్ నుంచి అన్‌చింగ్ ఉంది. ఫుయాంగ్ లేదు.