లక్కపిడతలకు ఐఎస్ఐ మార్కు ఎక్కణ్ణుంచి తేను?

నిన్న సాయంత్రం చెక్కు చేతికొచ్చింది. 3,840 రూపాయలు. జూలైలో నా క్లాసు పిల్లల పాఠాల వస్తువులకి నా పర్సులోంచి 4,150 పెడితే, అక్టోబరు చివర్లో ఇది. ఈ మూడు నెలలూ పడ్డ మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి, ఉండగానే రాసేస్తున్నాను.

మాది విశాఖలో ఒక ప్రైవేటు బడి. నాది ఎల్కేజీ, 23 మంది. ఒక బాబుకి చూపు బాగా తక్కువ, పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుంటాడు. ఒక పాపకి ఎడమ చేతిలో పట్టు లేదు. ఇంకో బాబు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు, గట్టిగా చప్పుడైతే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోతాడు. బిల్డింగు పనులకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్ల ఒకతి, జూన్‌లో తెలుగు ఒక్క ముక్క రాదు. బడి ఇచ్చేది మాత్రం అందరికీ ఒకటే వర్క్‌బుక్కు, ఒకటే పెన్సిలు.

అందుకే ఒక్కొక్కరికి తగ్గ వస్తువులు నేనే సమకూర్చుకున్నాను. చేసుకోవడం పెద్ద కష్టం కాలేదు, రెండు ఆదివారాల పని. ఒకేలాంటి మాత్రల డబ్బాల్లో బియ్యం, శనగలు, ఇసుక జతలు జతలుగా పోసి మూతలు అతికించాను. ఊపి, విని, జత కలపాలి. దీనికి భాషతో పని లేదు, ఒడియా పిల్ల మొదటి రోజే అందరికంటే ముందు కలిపేసింది. పాప పలక జారకుండా కింద తడిగుడ్డ వేశాను, అంతే. మా అత్తగారు ఏడాదిగా దాచిన చింతగింజలు లెక్కలకి తెచ్చాను గానీ, నోట్లో పెట్టుకునే బాబు ఉన్నంతసేపు వాటి డబ్బా బీరువా పైనే.

అక్షరాల దగ్గర మాత్రం టైమ్ పట్టింది. ఉప్పుకాగితాన్ని అక్షరంలా కత్తిరించి అట్టకి అంటించాలి. మొదట 60 నంబరు కొన్నాను, నా వేలే గీరుకుపోయింది. 120 నంబరు సరిపోయింది. చూపు తక్కువ బాబు 'వ' మీద వేలు పోనిచ్చాడు, తర్వాత 'ప' మీద. ఆగాడు. మళ్లీ తడిమాడు. "టీచర్, దీని టోపీ ఊడిపోయింది" అన్నాడు. నిజమే, 'వ'కి తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, 'ప'కి అంటదు. 14 ఏళ్లుగా దిద్దిస్తున్నాను, నా వేలికి ఎప్పుడూ తెలియలేదు.

ఇక నోట్లో పెట్టుకునే బాబు కోసం లక్కబొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక వెళ్లాను. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క అద్దుతారు, ఆ వేడికి కరిగి అంటుకుంటుంది. పసుపు, నీలి లాంటి సహజ రంగులు వేసినవే కావాలని అడిగి తీసుకోండి, అందరూ అవే వాడరు. పిడికిలిలో నిండుగా పట్టేంత పెద్ద బొంగరాలు, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు తెచ్చాను. ఇక్కడే కథ మొదలైంది.

మా ఆఫీసులో బిల్లులు చూసే సారు ఉన్నారు. ఫీజుల రోజు, ఎదురుగా అరడజను మంది తల్లిదండ్రులు. నా సంచి బల్ల మీద బోర్లించారు. మాత్రల డబ్బా ఒకటి ఊపి, "ఏంటి మేడమ్, ఎల్కేజీనా, పప్పుల కొట్టా?" అన్నారు. ఎవరో నవ్వారు. నా క్లాసు పాప నాన్నగారు కూడా. గిన్నె తిరగేసి, "దీని మీద ఐఎస్ఐ ఏది? మార్కు లేని బొమ్మ బడిలోకి రాకూడదు. బిల్లు పాసవదు" అన్నారు. దొర్లిపోయిన బొంగరాన్ని నేనే వంగి తీసుకున్నాను. నోట మాట రాలేదు. స్టాఫ్ రూములో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను, దాచడమెందుకు.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ తప్పనిసరి, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆయన చదవని సగం ఇంకోటి ఉంది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఇచ్చారు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉన్న సరుకుకీ, ఆ గుర్తింపు కింద నమోదైనవాళ్లు చేస్తే, అదే మినహాయింపు. ఏటికొప్పాక బొమ్మలకి ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది.

ఆ ఉత్తర్వు ప్రింటు తీసి ఇస్తే, "కళాకారుడి కార్డు ఏది?" అన్నారు. మళ్లీ బస్సెక్కి వెళ్లాను. బొమ్మలు చేసిన పెద్దాయన గుర్తింపు కార్డు జిరాక్సు ఇస్తూ, "ఎందుకమ్మా, విరిగిపోయాయా?" అని అడిగాడు. జిరాక్సు చూసి మా సారు, "ఒరిజినల్ కావాలి" అన్నారు. ఎవరైనా తమ కార్డు ఒరిజినల్ ఇచ్చి పంపుతారా? అప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి పోయి, 2016 దివ్యాంగుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నీ ఇలాంటి పిల్లల్ని అందరితో కలిపి చదివించాలి కదా, ఇది అందులో భాగమే కదా అన్నాను. ఆవిడ చదివి, రెండు నిమిషాల్లో సంతకం పెట్టేశారు. ముందే అక్కడికి పోవాల్సింది. మీరు మాత్రం కొనేముందే కార్డు జిరాక్సు, చేతిరాత రసీదు తీసుకోండి, ఫీజుల రోజున మాత్రం ఆఫీసు గడప తొక్కకండి.

తగ్గిన 310 ఉప్పుకాగితానిదట. హార్డ్‌వేర్ షాపు బిల్లు కాబట్టి అది రిపేర్ల పద్దులోకి వెళ్తుంది, ఆ పద్దు ఈ ఏడాదికి అయిపోయింది.

మిగిలిన ముక్కతో ఈ వారం 'మ' చేశాను. బాబు వేలు 'వ' అంతా తిరిగి, చివర్లో కొత్త వంపు దగ్గర ఆగింది.

"టీచర్, దీనికి తోక కూడా ఉంది!"