గ్రెనిచ్‌లో ఒంటిగంట బంతి

మన పాఠ్యపుస్తకాల్లో అది గ్రీన్‌విచ్, లండన్‌లో మాత్రం గ్రెనిచ్ అంటేనే దారి చెబుతారు. వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా కొండెక్కి, రేఖాంశాల లెక్క మొదలయ్యే సున్నా రేఖకు అటొక కాలు ఇటొక కాలు వేసి ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ రేఖ పుట్టింది ఓడల కోసం. కాబట్టి థేమ్స్ నది దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు, టైము చెప్పే బంతి పడే వేళకు, కొండ మీద ఉండేలా చూసుకోండి.

డీఎల్‌ఆర్ అనే తేలికపాటి రైల్లో కట్టీ సార్క్ స్టేషన్ దాకా పోకుండా ఒక స్టేషన్ ముందే, ఉత్తరపు ఒడ్డున ఐలండ్ గార్డెన్స్‌లో దిగండి. ఎదుటి ఒడ్డున జంట గుమ్మటాలు, వాటి మధ్య ఖాళీలోంచి దూరంగా తెల్లటి మేడ కనిపిస్తాయి. ఆ మేడ క్వీన్స్ హౌస్. దానికి నది కనిపించకుండా ఏదీ అడ్డుపడకూడదని రాణి రెండో మేరీ పట్టుబడితే, ముసలి నావికుల కోసం కట్టే ఈ గుమ్మటాల భవనాన్ని వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ రెండుగా చీల్చాడు.

పక్కనే ఉన్న గుండ్రటి గదిలోంచి దిగితే నది అడుగున 370 మీటర్ల కాలిబాట సొరంగం, 1902 నాటిది. లిఫ్టు మొరాయించడం మామూలే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రైలే ఎక్కడం మేలు. ఉత్తరపు కొసలో సొరంగం ఉన్నట్టుండి ఇరుకవుతుంది: రెండో ప్రపంచయుద్ధంలో బాంబు దెబ్బ తిన్నచోట లోపల ఉక్కు తొడుగు వేశారు.

పైకి రాగానే గట్టు మీద నిలబెట్టిన పాత తేయాకు తెరచాప ఓడ, కట్టీ సార్క్. డెక్కు కన్నా ఓడ కిందికి దిగి చూడటమే అసలు సంగతి. పక్కటెముకలు ఇనుము, పలకలు చెక్క, పైన రాగి-జింకు మిశ్రమలోహపు రేకు. ఇనుప చట్రం తక్కువ చోటు తింటుంది, తేయాకు ఎక్కువ పడుతుంది. రాగి రేకు ఉంటే నత్తలు, నాచు పట్టవు, వేగం తగ్గదు. ఆ రేకును నేరుగా ఇనుము మీద కొడితే ఉప్పునీటిలో ఇనుము తొందరగా తుప్పుపట్టి పోతుంది, అందుకే మధ్యలో చెక్క. ఇంతా చేసి ఈ ఓడ నీళ్లలోకి దిగింది 1869 నవంబరు 22న, సూయజ్ కాలువ తెరిచిన అయిదు రోజులకు! ఆ దగ్గరి దారి తెరచాప ఓడలకు పనికిరాలేదు, తేయాకు ఆవిరి ఓడల పాలయింది, దీనికి చివరికి ఆస్ట్రేలియా ఉన్ని దక్కింది.

పన్నెండున్నరకల్లా కొండెక్కండి. సున్నా రేఖ ఉన్న అబ్జర్వేటరీ (ఖగోళ పరిశోధనశాల) గేటు బయటి గడియారానికి 24 అంకెలు, పన్నెండు అడుగున ఉంటుంది. మిట్టమధ్యాహ్నం చిన్నముల్లు కిందికి చూస్తుంటే ఆరయిందనుకుంటారు. అది ఎప్పుడూ జీఎంటీనే, అంటే గ్రెనిచ్ సమయాన్నే, చూపిస్తుంది. వేసవిలో బ్రిటన్‌లో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు మీ ఫోన్‌కన్నా గంట వెనక. అయిదున్నర గంటలు కలిపితే మన టైము.

ఇక కప్పు మీది ఎర్ర బంతి. 12:55కు సగం స్తంభం దాకా, 12:58కి కొసకు ఎక్కి, సరిగ్గా ఒంటిగంటకు పడుతుంది. థేమ్స్‌లోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి 1833లో పెట్టారు. లెక్క బంతి కదిలిన క్షణానిది, అడుక్కు చేరినప్పటిది కాదు. గాలి గట్టిగా ఉంటే ఎత్తరు. చూడటానికి టికెట్టక్కర్లేదు, పార్కులోంచే కనిపిస్తుంది.

ఓడల్లో గ్రెనిచ్ టైమునూ, సూర్యుణ్ని బట్టి తామున్నచోటి టైమునూ పోల్చి తూర్పు పడమరల్లో ఎంత దూరం వచ్చామో లెక్కగట్టేవారు. భూమి నాలుగు నిమిషాలకొక డిగ్రీ తిరుగుతుంది. గడియారం ఒక్క నిమిషం తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఓడ లెక్క దాదాపు 28 కిలోమీటర్లు తప్పుతుంది. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. నాలుగుతో గుణించండి, 330 నిమిషాలు.

అబ్జర్వేటరీ లోపలికి టికెట్ ఉంది. కొనేముందు ఏ గదులు తెరిచారో వెబ్‌సైట్‌లో చూసుకోండి. పద్దెనిమిదో శతాబ్దపు గడియారాల పనివాడు జాన్ హారిసన్ చేసిన ఓడ గడియారాల్లో మొదటి మూడూ ఆడతాయి, నాలుగోది ఆపి ఉంచుతారు. దానికి నూనె కావాలి, తిప్పితే అరుగుతుంది.

రేఖ మీద నిలబడి ఫోన్ తీస్తే సున్నా రాదు. ఫోన్ తప్పు కాదు, ఉపగ్రహాల సున్నా రేఖ అక్కడికి 102 మీటర్లు తూర్పున, పార్కులో ఉంది. అక్కడ క్యూ ఉండదు.