మన లైబ్రరీలో ఉన్న పుస్తకం గూగుల్‌కి ఎందుకు కనపడదు

వేటపాలెం సారస్వత నికేతనం గురించి మా ఒంగోలు వైపు తెలియనోళ్లు తక్కువ. 1918లో పెట్టారు, 1929లో గాంధీగారు వచ్చి బిల్డింగుకి శంకుస్థాపన చేశారు, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్లలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ ప్రకాశం జిల్లా లైబ్రరీ కిందే లెక్క. పాత పత్రికల కోసం రీసెర్చ్ చేసేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటా వస్తారు. వాళ్లకి చెప్పేవాళ్లున్నారు కాబట్టి వస్తారు, మరి చెప్పేవాళ్లు లేని లైబ్రరీల సంగతేంది అన్నదే నా బాధ.

ఇక్కడే ఒక కాలేజీ లైబ్రరీ కేటలాగ్ ఈ మధ్య చూశాను. లైబ్రరీలు కేటలాగ్ నడుపుకునే కోహాలో పెట్టారు, మంచి సాఫ్ట్‌వేర్, ఫ్రీ, 2000 నుంచీ వాడకంలో ఉంది. లోపలికెళ్లి వెతికితే పుస్తకం ఉంది, ఏ ర్యాకులో ఉందో కూడా చూపిస్తా ఉంది. అదే పేరు గూగుల్లో కొడితే ఏమీ రాదు. గూగుల్ బాట్, అంటే వెబ్ పేజీలన్నీ తిరిగి చూసొచ్చే దాని ప్రోగ్రాం, మనలాగా సెర్చ్ బాక్సులో పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టదు గదా, లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి పోతుంది, పుస్తకం పేజీకి ఏ లింకూ లేకపోతే ఆ పుస్తకం ఉన్నట్టే దానికి తెలీదు.

దీనికి సైట్‌మ్యాప్ అని ఉంది, ప్రతి పుస్తకం పేజీ అడ్రసూ రాసిపెట్టిన ఫైలు. ఒక ఫైల్లో 50,000 అడ్రసులు పడతాయి, అంటే చిన్న లైబ్రరీకి ఒకటి చాలు. కోహాలోనే దాన్ని తయారుచేసే స్క్రిప్ట్ ఉంది, రోజూ రాత్రి దానంతటదే నడిచేట్టు పెట్టుకుంటే సరిపోతుంది. చాలాచోట్ల బాట్లు సర్వర్ మీద పడతన్నాయని రోబోట్స్ ఫైల్లో, అంటే బాట్లు ఏ పేజీలకి రాకూడదో రాసిపెట్టే ఫైల్లో, మొత్తం కేటలాగ్‌నే మూసేస్తారు. సర్వర్ కష్టం నిజమే, కాదనను, కానీ మూయాల్సింది సెర్చ్ రిజల్ట్ పేజీలని, పుస్తకం పేజీలని కాదు.

అసలు చిక్కు తెలుగు దగ్గర. తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు, అదైనా ఒకే తీరుగా ఉంటదా అంటే ఉండదు, నెల్లూరు అన్నదాన్నే ఒకరు చివర ఒక్క యూతో, ఒకరు రెండు ఓలతో, ఇంకొకరు ఊరి పేరుకి వాడే ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కొడతారు, ఇక వెతికేవాడు తెలుగులో టైప్ చేస్తే మూడిట్లో ఒక్కటీ తగలదు. ఇంకా ఘోరం ఏంటంటే పాత డీటీపీ ఫాంటులో కొట్టింది కాపీ చేసి అతికించడం, గూగుల్‌కి అది తెలుగే కాదు, పిచ్చి గుర్తులు. నన్నడిగితే మార్క్ రికార్డులో, అంటే ఒక్కో పుస్తకం వివరాలు నంబర్ల గడుల్లో ఎక్కించే కేటలాగ్ పద్ధతిలో, పేరు రాసే 245 గడిలో పేరు యూనికోడ్ తెలుగులో, అంటే వెబ్‌లో ఎక్కడైనా చదవగలిగే తెలుగులో, పెట్టాలి, ఇంగ్లీషు అక్షరాల రూపాలన్నీ, పేరుకి వేరే రూపాలు రాసే 246 గడిలో ఎక్కించుకోవచ్చు. పేజీ టైటిల్లో కూడా పుస్తకం పేరే రావాలి, ప్రతి పేజీకీ ఉత్త కాలేజీ పేరు ఒక్కటే వస్తా ఉంటే ఏం లాభం.

కొత్త ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కులకి ఇదంతా చేసినా అమ్మే సైట్లే పైన వస్తాయి, దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పట్టింపంతా ఎనభై తొంభై ఏళ్ల నాటి తెలుగు పుస్తకాల మీదే, వాటికి వెబ్‌లో పోటీపడే పేజీలే అరుదు, సరైన తెలుగులో పేరుండి పేజీ తెరిచి పెడితే పైకొచ్చే అవకాశం బాగా ఉంది.

మీ లైబ్రరీ సంగతి తేల్చుకోవాలంటే గూగుల్లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా కేటలాగ్ అడ్రస్ రాయండి. పుస్తకాల పేర్లు రాకపోతే లైబ్రేరియన్ గారిని కలిసి ముందు ఆ రోబోట్స్ ఫైల్ ఒకసారి తెరిచి చూడమనండి.