బంతి ఎగరడానికి మూడు రాత్రులు

ఆన్‌లైన్‌లో యానిమేషన్, మల్టీమీడియా కోర్సు అంటే ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసుకోవడమే అనుకున్నా. మొదటి అసైన్‌మెంట్: బంతి నేల మీద పడి లేవాలి, అంతే. సెకనుకు 24 ఫ్రేములు (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ), పైకి వెళ్లేకొద్దీ బొమ్మలు దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ ఎడంగా పెట్టాలి, నేలను తాకగానే కాస్త అణగాలి. అదేం తెలియక అన్నీ సమాన దూరంలో పెట్టేశా, బంతి కాస్తా లిఫ్టులా దిగింది! మూడు రాత్రులు పట్టింది సరిచేయడానికి.

ఇంకో తమాషా, పాత వీడియో పాఠాల్లో ఇంకా ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే బటన్లు చేయిస్తున్నారు. వాటిని బ్రౌజర్‌లో నడిపే ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 చివర్లోనే అడోబీ మంగళం పాడేసింది కదా. టెన్షన్ పడుతూ అదే బటన్‌ని బ్రౌజర్‌లోనే నేరుగా బొమ్మలు గీసే హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్‌లో మళ్లీ రాసుకున్నా. నొక్కితే బంతి ఎగిరింది. అమ్మని పిలిచి చూపిస్తే "దీనికా అంత ఫీజు కట్టావు" అంది, అంటూనే నాలుగుసార్లు నొక్కింది.