16.35 టన్నుల మట్టి

జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో, ఎమ్మెస్సీ చేశానని బెంగళూరులో చెప్తే ఎవరూ ఎక్కడని అడగరు, ఎయిర్‌పోర్టుకి వెళ్తూ బళ్లారి రోడ్డు మీద ఆ గేటు అందరూ చూసే ఉంటారు. అనంతపురంలో చెప్తే మాత్రం "అక్కడ ఏం చదివినావు?" అంటారు. సాయిల్ సైన్స్, నేలా నీళ్ల సంరక్షణ అని చెప్తే "ఓ, మొక్కలు నాటేదా" అంటారు. మా చిన్నాన్న ఇప్పటికీ అదే అంటాడు, నేనూ సరిదిద్దడం మానేశాను. నిజం చెప్పాలంటే అక్కడున్నన్నాళ్లూ మేం నాటిన మొక్కలు తక్కువ, తూచిన మట్టి ఎక్కువ.

2014లో చేరిన బ్యాచ్ మాది. మొదటి సెమిస్టర్లోనే ఒక అంకెని బుర్రలోకి ఎక్కించారు: మన దేశంలో హెక్టారుకి ఏటా సగటున 16.35 టన్నుల మట్టి కొట్టుకుపోతోంది. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు కట్టిన లెక్క అది. వ్యవసాయం చదివినవాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అందులో 29 శాతం సముద్రం పాలు, 10 శాతం డ్యాముల అడుక్కి, మిగతాదంతా ఒకరి చేలోంచి ఇంకొకరి చేలోకి. మిగతా వాళ్లు పరీక్ష కోసం బట్టీ కొట్టారు, నేను మాత్రం ఆ 10 శాతం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే తుంగభద్ర డ్యాము నుంచి వచ్చే హెచ్చెల్సీ (ఎగువ కాలవ)లో నీళ్లెప్పుడొస్తాయా అని చూసే ఊరు మాది. తుంగభద్ర డ్యాము 1953లో కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 దగ్గరకొచ్చింది. చిన్నప్పట్నించీ ఊళ్లో విన్నదేమో "పైనోళ్లు నీళ్లు వదలరు" అనే మాటే. నీళ్లుండాల్సిన చోట మట్టి కూర్చుందని నాకు తెలిసింది బెంగళూరు క్లాసురూములో.

ఇక రన్ఆఫ్ ప్లాట్ల సంగతి, అంటే పారే వాననీళ్లు ఎంత మట్టిని తీసుకెళ్తాయో కొలిచే మడులు. వాలు నేలలో రేకులు పాతి వేరు చేసిన మడులు, ఒక్కో మడి కిందా ఒక తొట్టి. ఒకదాంట్లో రాగి, ఒకదాంట్లో రాగీ కందీ కలిపి, ఒకదాంట్లో వాలుకి అడ్డంగా వట్టివేరు వరసలు, ఇంకొకటి ఏ పంటా లేకుండా వట్టిగా. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలు సాయంత్రమో రాత్రో దంచి కొడతాయి, ఊరంతా పొద్దున్నే చల్లగా ముసుగు తన్ని పడుకుంటే మేం బూట్లకి అరకిలో మట్టి అంటించుకుని తొట్ల దగ్గరుండేవాళ్లం. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో స్కేలుతో కొలవాలి, అడుగున దిగిన మట్టంతా పైకి లేచేదాకా కర్రతో కలియబెట్టాలి, మళ్లీ తేరుకునేలోపు సీసాలోకి పట్టాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ వానకి లెక్క లేనట్టే. ఆ తర్వాత ల్యాబులో వడగట్టి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, తూచడం. వట్టివేరు మడి తొట్టిలో నీళ్లు కొంచెం మసగ్గా ఉండేవి, వట్టి మడి తొట్టి మాత్రం పాలు తక్కువైన టీలా ఎర్రగా. ప్లాట్లలో కలుపు తీసే అజ్జికి (కన్నడంలో అవ్వ) లేబుళ్లతో పనిలేదు, సీసా వెలుగుకి పెట్టి చూసి ఇది ఏ మడిదో చెప్పేసేది.

నేల కోతకి ఒక సమీకరణం ఉంది, వాన ఉధృతి, నేల స్వభావం, వాలు, పంట, గట్లు, ఇవన్నీ హెచ్చవేస్తే ఎంత మట్టి పోతుందో తేలుతుంది. వాన మన మాట వినదు, నేల రకాన్నీ మార్చలేం, వాలుని మార్చడం ఖర్చుతో పని. కాబట్టి మన చేతిలో నికరంగా మిగిలేవి పంటా, గట్టూ. కోర్సు మొత్తం ఆ రెంటి చుట్టూనే తిరిగిందంటే తప్పులేదు.

నేలలోకి నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయో కొలవడానికి రెండు ఉక్కు రింగులు ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టి నీళ్లు పోస్తారు. బయటి రింగులో నీళ్లెందుకంటే లోపలివి పక్కలకి పారిపోకుండా. రాగి కోసేశాక పైన పెచ్చు కట్టిన ఎర్ర నేలలో పెడితే గంటసేపు కూర్చున్నా నీళ్లు కదలవు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంది తప్ప. అక్కడికి నాలుగడుగుల దూరంలో, కానుగ చెట్టు కింద ఆకులు రాలి కుళ్లిన చోట పెడితే బకెట్లు మోసి మోసి చేతులు పడిపోయేవి. నేల అదే, మీద ఏముందన్నదే తేడా.

మా బ్యాచ్‌లో తెలుగు మాట్లాడే వాళ్లం చాలామందిమే, కానీ ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ల కంటే కోలారు, చిక్కబళ్లాపుర వాళ్లే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. హాస్టల్ సాంబారులో బెల్లం గురించి మా గుంటూరు అమ్మాయి చేసిన గొడవ ఇక్కడ రాయను. రాగిముద్ద విషయంలో మాత్రం సీమవాళ్లకీ కోలారు వాళ్లకీ ఏ పేచీ లేదు.

వాటర్‌షెడ్ (వాననీళ్లన్నీ ఒకే వైపు పారి చేరే ప్రాంతం) సర్వే కోసం కోలారు జిల్లా శ్రీనివాసపుర వైపు వెళ్లాం. ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పెట్టి, సమాన ఎత్తులన్నీ కలిపి, కాంటూర్ గట్టు ఎక్కడ పోవాలో సున్నంతో గీత గీశాం. వంకర తిరిగి బ్రహ్మాండంగా వచ్చింది, పుస్తకంలో బొమ్మలాగే. ఆ చేను పెద్దాయన వచ్చి చూసి, తెలుగులోనే అడిగాడు: "ఏమ్మా, ఈ గట్టు నా చేను నడిమధ్యన పోతే, ఆ మూలలో మిగిలే రవ్వంత దాంట్లో ఎద్దుల్ని తిప్పేదెట్లా?" మా దగ్గర జవాబు లేదు. సార్ నవ్వి, "రాసుకోండి, పరీక్షలో రాని ప్రశ్న ఇదే" అన్నారు. ఒకప్పుడు ప్రభుత్వం వేయించిన కాంటూర్ గట్లను రైతులు దున్ని కలిపేసుకున్న ఊళ్లు దక్కన్‌లో బోలెడు ఉన్నాయని, అందుకే తర్వాత్తర్వాత చేను సరిహద్దు గట్లనే బలం చేసి, నీళ్లు దిగే చోట రాళ్లు పేర్చడం మొదలుపెట్టారని ఆ చేలోనే చెప్పారు. వాలుకి సరిహద్దులు తెలియవు, మనిషికేమో అవే ముఖ్యం. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే సరిహద్దు గట్టు రెండో రకమే, అయినా పదేళ్ల తర్వాత కూడా నిలబడి ఉండే గట్టే నాకు మొదటి రకం.

నగరం కూడా మాకు పాఠమే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున, నది లేని మిట్ట మీద కూర్చున్న ఊరు. అందుకే పాతకాలం వాళ్లు చెరువులు గొలుసుగా కట్టారు, ఒకదాని అలుగు నీళ్లు కిందదానికి. ఆ ధర్మాంబుధి చెరువులోనే ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు, సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం. తాగే నీళ్లేమో వంద కిలోమీటర్ల అవతలి కావేరి నుంచి పంపులతో ఎక్కించాలి. 2015లో బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద వాహనాల మీద పడుతుంటే టీవీలవాళ్లు చూపించారు. మా క్యాంపస్‌కి దగ్గర్లోనే ఉన్న జక్కూరు చెరువుకి వెళ్తే అక్కడ శుద్ధిచేసిన మురుగునీళ్లు జమ్ము పెరిగిన మడుగు గుండా పోయి చెరువులో కలుస్తున్నాయి, చేపలు పట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఒకే ఊళ్లో రెండు చెరువులు.

2018లో, మేం బయటికొచ్చేశాక, బెంగళూరులోని కోరమంగల-చల్లఘట్ట లోయ మురుగునీళ్లని శుద్ధి చేసి కోలారు చెరువులకి పంపడం మొదలైంది, రోజుకి 440 మిలియన్ లీటర్ల పథకం. మొదట్లోనే నురగ కనిపించి కోర్టు కేసులు కూడా అయ్యాయి. అప్పట్నించీ మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇదే రభస. కోలారు మిత్రుడు చెప్పేదేమంటే, వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా ఎండిన తాలూకాల్లో వాళ్ల నాన్న పూడ్చేద్దామనుకున్న బావిలో నీళ్లు కనబడుతున్నాయి, ఇంకేం కావాలి. నేననేది, శుద్ధి రెండో దశతో ఆపేశారు, ఆ చెరువుల కింది చేలల్లో లవణాలు, భారలోహాలు ఏటేటా కొలవకుండా సంబరపడొద్దు అని. వాడి మాట అబద్ధమని నేను ఏనాడూ అనలేదు. బావిలో నీళ్లున్నవాడికి ఈసీ (నీళ్లలో లవణాలెంతున్నాయో చెప్పే విద్యుత్ వాహకత) విలువ గురించి చెప్పడం ఎంత కష్టమో మాత్రం అర్థమైంది, సున్నం గీత దగ్గర ఆ పెద్దాయన ముందు నిలబడ్డప్పటిలాగే.

నిన్న మళ్లీ చెరువు ఫోటో పెట్టాడు, నిండుగా ఉంది. ఈసీ ఎంత అని అడిగాను. మీటరు పాడైందట, ఈసారి మా బ్యాచ్ కలయికకి సీసాలో నీళ్లూ, కవర్లో చేను మట్టీ తెస్తానన్నాడు. ఇది చదువుతున్న జూనియర్లు ఎవరైనా ఆ రోజు డిపార్ట్‌మెంట్ ల్యాబు తాళం తీయించి పెడితే మా ఇద్దరి పంచాయతీలో సగమైనా తెగుతుంది.