రెండు వరుసల్లో నా పేరు

"నీ అభిప్రాయం మాత్రం నేను రాయనమ్మా" అంటూ మా అమ్మాయి నోటుబుక్కు మూసేసింది.

హనుమకొండలో మా అమ్మ ఇంటి వాకిట్లో కూర్చున్నాం. 2025 జూన్ నెల చివరి రోజులు. అప్పటికి వారంగా తను ఆ నోటుబుక్కు చంకన పెట్టుకుని కనిపించిన వాళ్లనల్లా ఒకటే ప్రశ్న అడుగుతోంది. సెలవుల తరువాత అమెరికాలో వాళ్ల బడిలో చర్చ ఉంది. వేరే దేశం అణ్వాయుధంతో బెదిరిస్తే ప్రజలు ఎలాంటి జవాబు కోరుకుంటారన్నది అంశం. తోటి పిల్లలంతా కంప్యూటర్‌లో వెతికి రాసుకొస్తారు, నేను మనుషులను అడిగి రాస్తాను అంది. పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్లను ఆపి, వచ్చీరాని తెలుగులో "ఒక్క ప్రశ్న తాతగారూ" అని అడుగుతుంటే, పక్కన నిలబడి ఎంత పొంగిపోయానో. పద్నాలుగేళ్ల పిల్ల నా ఊరి వాళ్లతో నా భాషలో మాట్లాడుతోంది. ఏమి అడుగుతోందన్నది అప్పుడు నాకు పట్టలేదు.

ఆ సాయంత్రం "మరి నన్ను అడగవా?" అన్నాను. అప్పుడు తెరిచి చూపించింది. పేజీని స్కేలుతో గీసి మూడు నిలువు వరుసలు చేసుకుంది. మొదటిది 'ముందే దాడి చేయాలి'. రెండోది 'మాట్లాడాలి'. మూడోది 'మన దగ్గరా ఉందని చూపించి ఊరుకోవాలి'. వాటి కింద ఇంగ్లీషు అక్షరాల్లో పూల కొట్టు ఆంటీ, తెల్ల మీసాల తాతయ్య, ఆటో అంకుల్. అన్నీ పెన్నుతో రాసినవే. మొదటి వరుస అడుగున మాత్రం పెన్సిలుతో 'అమ్మ, మే' అని ఉంది. రెండో వరుస అడుగున 'అమ్మ, జూన్'.

"నువ్వు రెండు చోట్లా ఉన్నావు. ఏది కొట్టేయాలో నాకు తెలియలేదు."

మే నెల సంగతి నాకు బాగా గుర్తుంది. పహల్గాంలో 26 మందిని చంపిన తరువాత, మే 7న మన సైన్యం పాకిస్థాన్‌లోని ఉగ్రవాద స్థావరాల మీద దాడి చేసిన రోజులు. వంటింట్లో ఫోను స్పీకర్‌లో పెట్టి మా అన్నయ్యతో గొంతు చించుకున్నాను. "అణుబాంబు ఉందని వాళ్లు బెదిరించినప్పుడల్లా మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా? ఈసారి మధ్యలో ఆపకూడదు" అన్నాను. 10వ తేదీన కాల్పులు ఆగాయంటే మనసు చివుక్కుమంది. 12న ప్రధాని మాట్లాడుతూ అణు బెదిరింపులను సహించబోమన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే బల్ల దగ్గర మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. చెవులు ఇటే ఉన్నాయని నాకు తెలియలేదు.

జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టింది. 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌లలోని అణు కేంద్రాల మీద బాంబులు, క్షిపణులు వేసింది. అప్పటికి మేము ఇక్కడికి వచ్చేశాం. "ఇంకా తయారు కాని బాంబు కోసం ఇంత దాడి ఏమిటి? కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా" అని టీవీ ముందు కూర్చుని అన్నదీ నేనే.

ఆ రెండూ ఒకటి కావు అని వాదించాను. నిజంగానే కావు. పాకిస్థాన్ 1998లోనే అణ్వాయుధాన్ని పరీక్షించి చూపింది, ఇరాన్ చేతిలో ఆయుధం ఉందని ఎవరూ తేల్చలేదు. ఇరాన్‌తో 2015లో ఒప్పందం కుదిరింది. యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయబోమని ఆ దేశం ఒప్పుకుంది, అంతర్జాతీయ తనిఖీ బృందాలు వెళ్లి చూసేవి. 2018 మేలో అమెరికాయే అందులోంచి తప్పుకుంది. శుద్ధి 60 శాతం దాకా పెరిగింది ఆ తరువాతనే. మాట్లాడే దారి మూసింది ఎవరు మరి? మన సంగతి అలా కాదు. అణ్వాయుధాన్ని ముందుగా మనం ప్రయోగించబోమని 2003లో విధానంగా ప్రకటించుకున్నాం. పాకిస్థాన్‌తో ఎంత వైరం ఉన్నా, ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం రాసుకున్నాం. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి.

ఇది తనకు కొత్త. "శత్రువుకు జాబితా ఇస్తారా? ప్రతి సంవత్సరమా?" అని రెండుసార్లు అడిగి రాసుకుంది. గెలిచాననుకున్నాను.

"నీ కారణాలు బాగున్నాయమ్మా. కానీ మే నెలలో వీటిలో ఒక్కటి కూడా చెప్పలేదు. జాబితాల సంగతి నీకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఆపకూడదు అన్నావు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఊరుకోలేదు. నీకు మన దేశం సంగతి తెలియదు, ఊరికే మాట్లాడకు అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. తెలియాలనే కదా ప్రతి వేసవికీ తీసుకువస్తున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. తను ఇంగ్లీషులో రాసుకున్న ప్రశ్నను తెలుగులోకి మార్చి ఇచ్చింది నేనే. తన ప్రశ్నలో 'ఒక దేశాన్ని మరో దేశం బెదిరిస్తే' అని ఉంది. నేను 'మనల్ని వేరే దేశం బెదిరిస్తే' అని రాశాను. అలా అడిగితేనే వినేవాళ్లకు సులువుగా ఉంటుందనిపించింది. మూడో రోజు తనే పట్టుకుంది. 'ఒక దేశం' అని అడిగినప్పుడు ఒక పెద్దాయన "ఐక్యరాజ్యసమితి ఎందుకుంది, మాట్లాడుకోవాలి" అన్నాడట. 'మనల్ని' అని మళ్లీ అడిగితే అదే పెద్దాయన "ఇంకేముంది, ముందు మనమే కొట్టాలి" అన్నాడట. ఒక్క మాట మారేసరికి మనిషి ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి వెళ్లిపోయాడు.

"మనం అంటే ఎవరమ్మా? ఇక్కడివాళ్లు ఇండియా అనుకుని చెబుతున్నారు. నేను ఇది చదివేది అమెరికాలో. అక్కడ మనం అంటే అమెరికా కదా?"

తెలుగులో మనం వేరు, మేము వేరు. చిన్నప్పుడు తను ఆ రెండూ కలిపేసేది. 'అమ్మా, మేము పార్కుకు వెళ్దాం' అంటే ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు. ఎదుటివాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము అని చెప్పేదాన్ని. ఇంగ్లీషుకు లేని తేడా నా భాషకు ఉందని మురిసిపోయేదాన్ని. ఆ మాట అనేటప్పుడు నేను ఎవరిని కలుపుకుంటున్నానో ఎప్పుడూ చూసుకోలేదు. మే నెలలో నా మనంలో హనుమకొండ ఉంది, ఢిల్లీ ఉంది. ఫిరంగి గుండ్లకు భయపడి ఇళ్లు వదిలిపోయిన జమ్మూకశ్మీర్ సరిహద్దులోని పూంచ్ వాళ్లు లేరు. జూన్‌లో నా మనంలో అమెరికాయే లేదు. ఇరవై మూడేళ్లుగా అక్కడ ఉంటున్నాను, పదేళ్లుగా ఓటు వేస్తున్నాను. ఆ బాంబుల ఖర్చులో నేను కట్టిన పన్ను కూడా ఉంది. అయినా టీవీ ముందు కూర్చుని 'వాళ్లు' అన్నాను.

23వ తేదీ రాత్రి ఆ యుద్ధం కారణంగా ఖతర్ గగనతలం మూసేశారని వార్త వచ్చింది. మా తిరుగు టికెట్టు దోహా మీదుగానే. నాకు ముందు తట్టింది టికెట్టే. రెండు గంటలు ఫోను పట్టుకుని తిరిగాను. ఆ రెండు గంటలూ మా అమ్మాయి మేడ మెట్ల మీద కూర్చుని స్నేహితురాలికి సందేశాలు పంపుతోందని మర్నాడు తెలిసింది. ఆ పిల్ల అమ్మమ్మ ఉండేది ఇస్ఫహాన్‌లో. రోజుల తరబడి ఫోను కలవడం లేదట. ఆ పిల్ల మా ఇంట్లో ఎన్నిసార్లు పప్పన్నం తిన్నదో. వాళ్ల అమ్మమ్మ ఏ ఊళ్లో ఉంటుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

1998 మే 11న, 13న పోఖ్రాన్‌లో పరీక్షలు జరిగినప్పుడు నాకు ఇరవై ఏళ్లు, హనుమకొండలోనే డిగ్రీ చదువుతున్నాను. స్నేహితురాళ్లమంతా డబ్బులు వేసుకుని చౌరస్తాలో లడ్డూలు కొని దారినపోయే వాళ్లకు పంచాం. ఆ నెల 28న పాకిస్థాన్ చాగై కొండల్లో పరీక్షలు జరిపింది. నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేసిన మనిషి, మాట తక్కువ. ఆ రాత్రి రేడియో వార్తలు విని, "ఇవాళ లడ్డూలు అక్కడ పంచుతుంటారు" అని పడుకున్నారు. ఆ మాట నాకు అప్పట్లో చాలా కోపం తెప్పించింది.

2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో చిన్న సీసా ఎత్తి చూపిస్తుంటే నమ్మాను. ఇరాక్ దగ్గర భయంకరమైన ఆయుధాలు ఉన్నాయని, అణుబాంబు కోసం కూడా ప్రయత్నిస్తోందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. కొత్తగా వచ్చినదాన్ని, ఉద్యోగ వీసా మీద ఉన్నదాన్ని. యుద్ధం మొదలైన ఆ మార్చిలో గ్యాలప్ అనే సర్వే సంస్థ అడిగితే అమెరికన్లలో 72 శాతం మంది సమర్థించారు. నన్ను అడిగి ఉంటే నేనూ ఆ 72లోనే ఉండేదాన్ని. ఆయుధాలు దొరకలేదు. 2018లో ప్యూ సంస్థ అడిగినప్పుడు అది సరైన నిర్ణయమన్నవారు 43 శాతం మంది.

ఈ అంకెలు మా అమ్మాయే వెతికి తెచ్చింది. హిరోషిమా మీద వేసిన వెంటనే, 1945 ఆగస్టులో, బాంబు వేయడం సబబే అన్న అమెరికన్లు 85 శాతం. డెబ్బై ఏళ్ల తరువాత, 2015లో 56 శాతం. ఇవి చదివేటప్పుడు తను కుదురుగానే ఉంది. సేగన్, వాలెంటినో అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం దగ్గర ఆగిపోయింది. వాళ్లు ఒక పరిస్థితిని ఊహించి చెప్పి అమెరికన్లను అడిగారు. ఇరాన్‌తో యుద్ధంలో 20 వేల మంది అమెరికా సైనికులు ప్రాణాలతో మిగలాలంటే అణుబాంబు వేయాలి, 20 లక్షల మంది ఇరాన్ పౌరులు చనిపోతారు, వేయవచ్చా అని. సగానికి పైగా వేయవచ్చన్నారు. "ఇరవై లక్షలు అంటే ఎంతమంది? ఈ ఊరంతా?" అని అడిగింది. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిపినా 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది లక్షల చిల్లర అని చెప్పాను. కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచిపోయింది.

తోటి తల్లిదండ్రులు అడిగితే ఇన్నాళ్లూ ఒకటే చెప్పేదాన్ని. పిల్లలకు రెండు దేశాలనూ ప్రేమించడం నేర్పండి, రెండూ మీవేనని చెప్పండి అని. ఇప్పుడు ఆ సలహా నోటికి రావడం లేదు. ఒక దేశం భయపడితే నా రక్తం మరుగుతుందని, మరో దేశం భయపడితే తప్పు పడతానని, ఇంట్లో నేను నేర్పింది ఇదే. పోనీ ఈ మాటలే ఇంట్లోకి రానీయకూడదా? అలా పెంచిన ఇళ్లూ చూశాను. ఆ పిల్లలకు బడిలో విన్న ఒక్క పక్షం తప్ప ఇంకొకటి తెలియదు. లేదా అందరి భయమూ నీదే అనుకో అని పద్నాలుగేళ్ల పిల్లకు చెప్పాలా? ఆ బరువు నేనే మోయలేకపోయాను. ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. రేపు మళ్లీ మన ఊళ్లలో ఎక్కడైనా అమాయకులను కాల్చి చంపితే నేను మే నెల అమ్మనే అవుతాను. ఇంత రాసిన తరువాత కూడా.

బయలుదేరే ముందు రోజు మా అమ్మాయి మా అమ్మను అడిగింది. అమ్మకు 85 ఏళ్లు. మాకు కట్టి ఇవ్వడానికి చింతపండులో పిక్కలు ఏరుతోంది. మొదటి రోజే అడగవచ్చు కదా అంటే, అమ్మమ్మను చివరికి అడుగుతానని దాచుకుంది.

అమ్మ పుట్టిన ఊరు బైరాన్‌పల్లికి పక్క ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. రజాకార్లకు లొంగకుండా బైరాన్‌పల్లి వాళ్లు బురుజెక్కి కాపలా కాశారు. 1948 ఆగస్టు 27న నిజాం సైన్యం, రజాకార్లు కలిసి వచ్చి ఊరి మగవాళ్లను నిలబెట్టి కాల్చారు. ఆ కథ వింటూనే మేము ఆరుగురం పెరిగాం. అందుకే అమ్మ ఏ వరుసలోకి వెళుతుందో నాకు తెలుసుననుకున్నాను.

"ఇండియా సైన్యం రావాలని మా అమ్మ రోజూ దీపం పెట్టి మొక్కేది. వచ్చింది. రాకపోతే మేము లేము" అంది అమ్మ. మా అమ్మాయి మొదటి వరుసలో రాసుకుంది. అమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. "రెండు రోజులకు మా దర్జీ ఇల్లు ఖాళీ అయింది. నాకు లంగాలు కుట్టేవాడు. ఎవరినీ ఒక మాట అన్నవాడు కాదు. తురకవాడని మనవాళ్లే బెదిరించారు. రాత్రికి రాత్రి పిల్లలను తీసుకుని పోయాడు. కుట్టుమిషను అరుగు మీదే ఉండిపోయింది. చాలా రోజులు ఉంది. అదీ రాసుకో."

హైదరాబాద్ రాష్ట్రంలో 1948 సెప్టెంబరు నాటి భారత సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆనాటి కేంద్ర ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ అంకె నేను చదివాను. దర్జీ సంగతి నలభై ఏడేళ్లలో మొదటిసారి విన్నాను. మేము ఎప్పుడూ బురుజు గురించే అడిగేవాళ్లం.

మా అమ్మాయి 'అమ్మమ్మ' అని రెండో వరుసలో కూడా రాసింది. పెన్నుతోనే. ఏది కొట్టేయాలని అడగలేదు.

విమానంలో ఉండబట్టలేక అడిగాను, అమ్మమ్మను రెండు చోట్లా రాశావు, నన్ను ఎందుకు రాయవు అని.

"అమ్మమ్మ రెండుసార్లూ అక్కడే ఉందమ్మా" అంది.

బడి తెరిచి పది రోజులైంది. చర్చలో తనకు ఏ పక్షం వచ్చిందో ఇంకా చెప్పలేదు. నోటుబుక్కు వంటింటి బల్ల మీదే ఉంటోంది. ఇందాక తెరిచి చూశాను. నా పేరు రెండు చోట్లా పెన్సిలుతోనే ఉంది.